గారెన్సాక్‌లో ఏడో తొట్టి

ఆదివారం పెద్ద పూజ ముగిసి జనం చర్చి మెట్లు దిగేసరికి, శ్మశానం గోడ వెంట పారే కాలువ ఎర్రగా ఉంది.

ఫిబ్రవరి పొగమంచు నది మీదినుంచి వచ్చి సమాధుల మధ్య మోకాలెత్తున నిలిచి ఉంది. దాని కింద ఆ ఎరుపు చప్పుడు లేకుండా జారిపోతోంది. ఎవరో ఆడమనిషి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. పీపాలు కడిగే బతిస్త్ ఒక్కడే వంగి, వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"మనదే," అన్నాడు.

ఊరి ద్రాక్షతోటల ఎస్టేట్ షాతో గారెన్సాక్‌లో, వైన్ నిలవచేసే కొట్టులో ఏడో తొట్టి ఖాళీ అయిపోయింది. కొట్టు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. నిలువెత్తు ఓక్ తొట్టి అడుగున కుళాయి మాత్రం బార్లా తెరిచి ఉంది. తొట్టికి వేలాడే పలక మీద సుద్దతో గీసిన శిలువ కనబడింది. ఆ గీత కొట్టు మేస్త్రి అన్సెల్మ్‌దని చూసిన ప్రతివాడికీ తెలుసు. ఆయన చనిపోయి మూడేళ్ళయింది. కాలువ పారింది ఆయన సమాధి పక్కనుంచే.

మంగళవారం ఉదయం బోర్దో రేవుకు ఎదురుగా ఉన్న రెండో అంతస్తు గదిలో కూర్చుని గారెన్సాక్ యజమానురాలు మదామ్ ద మలేర్ ఈ సంగతంతా చెప్పింది. అరవై దాటిన మనిషి. చేతి తొడుగులు తీసి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ తీసింది.

ఎదురుగా కజెనావ్ కళ్ళు సగం మూసుకుని వింటున్నాడు. ఒకప్పుడు మనోవైద్యం చదవబోయి మధ్యలో మానేసి, ప్రైవేటు పరిశోధకుడిగా స్థిరపడిన మనిషి. బరువైన శరీరం, నెమ్మదైన మాట. ఆయన దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఫెర్నాన్‌కు ఆ సగం మూసిన కళ్ళంటే ఇప్పటికీ భక్తీ బెదురూ రెండూ ఉన్నాయి.

"దయ్యమని నేననను," అంది మదామ్. "అనడానికి సిగ్గేస్తోంది. కానీ ఆదివారం నుంచి కన్ను మూతపడలేదు."

"ఈ గుర్తులు ఎప్పటినుంచి?"

"జనవరి రెండో ఆదివారం నుంచి. అప్పటినుంచి ప్రతి ఆదివారం మేము పూజకు వెళ్ళి వచ్చేసరికి కొట్టులో పలకల మీద గుర్తులు మారి ఉంటున్నాయి. ప్రతి తొట్టికీ ఒక పలక ఉంటుంది. సున్నా ఉంటే అది మా ఇంటి పేరు మీద పోయే మొదటి రకం. సున్నాకు అడ్డగీత ఉంటే రెండో రకం. శిలువ ఉంటే చచ్చిన వైన్. అన్సెల్మ్ తన ఇరవై రెండేళ్ళలో శిలువ రెండుసార్లే వేశాడు."

"చేతివ్రాత ఆయనదే అంటారా?"

"పందొమ్మిదివందల ఇరవైతొమ్మిది పంట పలక నా గది గోడకు ఉంది. మొదటి ఆదివారం బతిస్త్ ఒక పలక ఊడదీసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు." ఆమె గొంతు తగ్గింది. "గురువారం కలిపే రోజు, మొస్యూ కజెనావ్. ఏ తొట్టిది ఏ తొట్టితో కలపాలో ఆ రోజు తేలుస్తాం. దాని మీద మా పేరు పడుతుంది. చనిపోయినవాడు వద్దంటున్న వైన్ మీద నేను పేరు వెయ్యలేను. గారెన్సాక్ కొంటానని ఒక వ్యాపారి రెండేళ్ళుగా వెంటపడుతున్నాడు. గురువారం లోపల ఇది తేలకపోతే సంతకం పెట్టేస్తాను."

"మీ వంశం చేతికి గారెన్సాక్ ఎప్పుడు వచ్చింది?"

"విప్లవంలో అంతకుముందు యజమాని తల పోయాక. వేరు పురుగు వచ్చి తీగలన్నీ ఎండిపోతే మా తాతగారు అమెరికా వేళ్ళకు అంటు కట్టి మళ్ళీ మొదటినుంచి పెంచారు. మగవాళ్ళంతా యుద్ధానికి పోయిన సంవత్సరం ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పంట కోసి తెచ్చారు. ఏ రోజూ అమ్మలేదు."

"ఇప్పుడు సుద్దగీతకు అమ్ముతారా?" అన్నాడు కజెనావ్ మెల్లగా.

ఆమె లేచింది. తొడుగులు తొడుక్కుంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ గారెన్సాక్ చేరారు. గులకరాళ్ళ నేలలో కొమ్మలు కత్తిరించిన తీగలు వరసలుగా, నల్లగా, మణికట్ల దగ్గర తెగిన చేతుల్లాగా నిలబడి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. కొట్టు తలుపు దగ్గర మదామ్ ఆగిపోయింది.

"నేను లోపలికి రాను. ఈ ఇంటి ఆడవాళ్ళెవరూ రారు. ఆడమనిషి అడుగుపెడితే వైన్ విరుగుతుందని మా ముత్తాతల నాటి మాట."

"మీరు నమ్ముతారా?"

"నమ్మను," అంది ఆమె. "కానీ రాను."

తాళం తీసి లోపలికి తీసుకుపోయినవాడు రేమోఁ. అన్సెల్మ్ తర్వాత కొట్టు మేస్త్రి అయింది అతనే. అన్సెల్మ్ కూతురు క్లెమాన్స్‌ను పెళ్ళాడాడు. నలభై అయిదేళ్ళవాడు, పొడగరి, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం నుంచి చూపు తిప్పుకోడు. ఆ చూపు ఏదో అడుగుతున్నట్టుంటుందని ఫెర్నాన్‌కు అనిపించింది.

పన్నెండు తొట్లు రెండు వరసల్లో చీకటి అంచుదాకా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నడుస్తుంటే ఎవరో వెనకనుంచి లెక్కపెడుతున్నట్టు వీపు మీద చల్లగా తగులుతోంది. ఫెర్నాన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రేమోఁ అతని భుజానికి భుజం ఆనించి నిలబడి, ప్రతి తొట్టిలో ఏ పొలం ద్రాక్ష ఉందో అరగంట సేపు ఓపిగ్గా చెప్పాడు.

"ఏడో తొట్టి ఈ ఏటికల్లా మేలైనది. దిబ్బ మీది పాత తీగల పంట," అన్నాడు. "మదామ్ ఎదుట, మా వైన్ అమ్మిపెట్టే దళారి ఎదుట చెప్పాను ఆ మాట."

"పలకల మీద మారిన గుర్తులను ఏం చేశారు?"

"సోమవారం తుడిచి నావి వేసేవాణ్ణి."

"అన్నీ తుడిచారా?"

రేమోఁ తల అడ్డంగా ఊపాడు. "కొన్ని ఉంచాను. అవి నా గుర్తులతో సరిపోయాయి కాబట్టి. ఏడోదానికి శిలువ వేశారు. మూడు వారాలు వరసగా వేశారు. మూడుసార్లూ తుడిచాను."

అప్పుడు గుమ్మంలోంచి గొంతు వినబడింది.

"ఎవరయ్యా నువ్వు? పెళ్ళికొచ్చావా?" బతిస్త్ భుజం మీది బకెట్టు దించి ఫెర్నాన్ వైపు ముక్కు చిట్లించాడు. "అంత లావెండర్ నూనె తలకు పట్టించుకుని కొట్టులోకి వస్తారా ఎవరైనా? అన్సెల్మ్ మేస్త్రి ఉండుంటే నిన్ను ఎత్తి కాలవలో పడేసేవాడు!"

ఫెర్నాన్ చెవులు వేడెక్కాయి. రేమోఁ మొహం కూడా ఎర్రబడింది. "పోనీలేవోయ్, పట్నంవాళ్ళు. వాళ్ళకేం తెలుసు," అన్నాడు గబగబా.

కజెనావ్ ఏడో తొట్టి వైపు తల ఊపాడు. "ఆ నిచ్చెన ఎక్కు, ఫెర్నాన్," అన్నాడు.

ఏడో తొట్టి పైమూత ఒక పక్క లేచి ఉంది. బిగించే చీల చీలిపోయి చాలా కాలమైనట్టుంది, చీలికలో బూజు పట్టింది. ఫెర్నాన్ లోపలికి తల పెట్టాడు. ఒకప్పుడు వైన్ నిలిచిన మట్టం దగ్గర చెక్క మీద వేలెడు వెడల్పున తెల్లటి పొర చుట్టూ అంటుకుని ఉంది. ఘాటుకు కళ్ళు నీళ్ళు కారాయి. రెండు రోజులుగా ఖాళీగా ఉంది కదా అనుకుంటూ దిగి, చూసింది చూసినట్టు చెప్పాడు.

రేమోఁ అవతలికి వెళ్ళాక కజెనావ్ బతిస్త్‌ను పిలిచాడు.

"ఏడో తొట్టి నీకెలా అనిపించేది?"

"మేస్త్రిగారు మేలన్నారండి."

"నిన్నడిగాను."

"నా ముక్కుతో పనేముందండీ! మేస్త్రి ముక్కు ఉండగా నాది పొగాకు పొడికే." నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు.

"పాత మేస్త్రి ఎలాంటివాడు?"

"రాక్షసుడు. పద్దెనిమిదివందల తొంభైఎనిమిదిలో పిండే మర కింద కుడిచెయ్యి పడి నాలుగు వేళ్ళు పోయాయి. అప్పటినుంచి ఎడమచేత్తోనే గ్లాసు, ఎడమచేత్తోనే పేకముక్క, ఎడమచేత్తోనే నా చెంప."

"రాయడమూ ఎడమచేత్తోనేనా?"

బతిస్త్ ఆలోచించాడు. "రాస్తుంటే నేను చూళ్ళేదండి. నలుగురి మధ్యా నాలుక పనిచెయ్యదనేవాడు. సాయంత్రం చిన్న సీసాల్లో నమూనాలూ, ఖాళీ పలకలూ ఇంటికి పట్టుకుపోయేవాడు. పొద్దున గుర్తులతో తెచ్చి తగిలించేవాడు. తగిలించాక ఎవడూ కిక్కురుమనడానికి లేదు."

"రేమోఁ కూడా ఇంటికి తీసుకుపోతాడా?"

"లేదండి. మామ నీడలో ఎన్నాళ్ళు బతుకుతానన్నాడు. మొదటి రోజునుంచీ అన్నీ ఇక్కడే, అందరి ఎదుటే."

మేస్త్రి ఇల్లు కొట్టుకు ఆనుకునే ఉంది. వంటింట్లో రేమోఁ పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నాడు. కొట్టుకు తాళంచెవులు రెండే. ఒకటి మదామ్ మెడలో ఉంటుంది, రెండోది అదిగో, ఆ మేకుకు. ఆదివారం మంచి కోటు వేసుకున్నప్పుడు అంత బరువైన తాళంచెవి జేబులో వేసుకోనని చెప్పాడు. అతను చెబుతుండగా పొయ్యి మీద పాలు అడుగంటడం మొదలుపెట్టాయి. మాడు వాసన గది నిండా పరుచుకుంది. ఫెర్నాన్ చెప్పబోయాడు. బల్ల కింద కజెనావ్ చెయ్యి అతని మోకాలి మీద గట్టిగా పడింది. రేమోఁ తాళంచెవి సంగతే చెబుతున్నాడు.

పెరటి తలుపు ధడాలున తెరుచుకుంది. క్లెమాన్స్ మట్టి చేతులతోనే వచ్చి గిన్నె కిందికి లాగింది. సన్నటి మనిషి, చురుకైన కదలికలు.

"పక్కనే కూర్చుని చూసుకోకపోతే ఎలా?"

"మాటల్లో పడ్డాను," అన్నాడు రేమోఁ.

ఆమె మొగుడి వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నదానికి ఏం పేరు పెట్టాలో ఫెర్నాన్‌కు తెలియలేదు.

"పెరట్లో ఎక్కడున్నారమ్మా?" అడిగాడు కజెనావ్.

"బావి అవతల, క్యాబేజీ మడిలో. పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చింది."

"ఆదివారం పూజకు వెళ్ళారా?"

"పొద్దున ఆరింటి చిన్న పూజకే వెళ్ళొస్తానండి. ఆదివారం మాంసం మూడు గంటలు ఉడకాలి, పెద్ద పూజకు పోతే ఎవరు చూస్తారు? పాపం తగిలేటట్టయితే వండినదాన్నీ తిన్నవాళ్ళనూ సమానంగా తగలాలి." చేతులు తుడుచుకుంటూ చిన్నగా నవ్వింది.

"మీ నాన్నగారు తిరిగొచ్చారంటున్నారు ఊళ్ళో."

నవ్వు పోయింది. "రాడు," అంది. "వచ్చేవాడే అయితే ముందు వంటింటికి వచ్చేవాడు."

సాయంత్రం సత్రం గదిలో కజెనావ్ ఫెర్నాన్‌ను కిటికీ దగ్గరికి పిలిచాడు. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది.

"కుడిచేత్తో ఒక సున్నా గీయి. ఆలోచించకు. ఇప్పుడు ఎడమచేత్తో."

ఫెర్నాన్ గీశాడు. కుడిచెయ్యి పైనుంచి ఎడమవైపుకు దిగి చుట్టి వచ్చింది. ఎడమచెయ్యి పైనుంచి కుడివైపుకు దిగింది. తను అలా గీస్తానని తనకే తెలియదు.

"సుద్ద మోపినచోట గీత లావుగా ఉంటుంది, ఎత్తేచోట సన్నబడుతుంది. ఎటు తిరిగిందో పలకే చెబుతుంది," అన్నాడు కజెనావ్. "మదామ్ గోడమీది పలకనూ, ఈ వారం పలకనూ చూశాను. ఒకే చెయ్యి. అనుకరణ కాదు. అనుకరించేవాడు జాగ్రత్తపడతాడు, జాగ్రత్త గీతలో వణుకై కనబడుతుంది. ఇక్కడ వణుకు లేదు."

"అయితే నిజంగానే..."

"చనిపోయినవాడి చెయ్యే అయితే పడుకో, ఫెర్నాన్. మనం చెయ్యగలిగేది లేదు."

ఫెర్నాన్‌కు చాలాసేపు నిద్ర పట్టలేదు. దయ్యం ఉందంటే కలిగే భయం ఒక రకం. ఉన్నదేదో మనిషేనని, ఆ మనిషి వీళ్ళందరి మధ్యా రోజూ తిని, నవ్వి, పాలు కాస్తూ ఉంటాడని తెలిస్తే కలిగే భయం ఇంకో రకం. రెండోదే తనను ఎక్కువగా తినేస్తున్నదని అతను గ్రహించాడు.

బుధవారం ఉదయం మదామ్‌ను కజెనావ్ ఒకే ప్రశ్న అడిగాడు.

"అన్సెల్మ్‌కు మీ మీద కోపమెందుకు?"

"కోపమని నేననలేదే!"

"తొట్టి పారబోస్తే జనం పోలీసుల దగ్గరికి పోతారు. మీరు ఇల్లే అమ్ముకోబోతున్నారు. అది శిక్ష పడుతుందని ఎదురుచూసేవాళ్ళు చేసే పని."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"చనిపోయే రోజు నన్ను పిలిపించాడు. 'కొట్టు తలుపు క్లెమాన్స్‌కు తెరవండి' అన్నాడు. జ్వరంలో మాట్లాడుతున్నాడనుకున్నాను. సరే అన్నాను. చనిపోయేవాళ్ళ మంచం దగ్గర ఎవరైనా అనే సరే. ఇంటికి రాకముందే మరిచిపోయాను." కళ్ళు తుడుచుకుంది. "మరిచిపోయాననే అనుకున్నాను."

"ఏడో తొట్టి వైన్ మీరు రుచి చూశారా?"

"క్రిస్మస్ తర్వాత ఒకసారి, భోజనాల గదిలో. ఏదో పుల్లగా తగిలింది. ముసలిదాన్నయ్యాను, నాలుక పోయిందనుకున్నాను. రేమోఁ మేలన్నాడుగా."

గురువారం పదింటికి భోజనాల గదిలో బల్ల మీద గ్లాసులు వరసగా పెట్టారు. మదామ్, రేమోఁ, బతిస్త్ కూర్చున్నారు. వ్యాపారి పంపిన కాగితాలు మదామ్ ముందే ఉన్నాయి. చివరగా కజెనావ్ కబురుమీద క్లెమాన్స్ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"ఆమె ఎందుకు?" అన్నాడు రేమోఁ.

"కూర్చోండమ్మా," అన్నాడు కజెనావ్. "ఇది దొంగతనం కాదు, పగ కూడా కాదు. తాళం పగల్లేదు, అంటే తాళంచెవితో తెరిచారు. గుర్తులు ఆదివారాలే మారాయి, అంటే ఊరంతా పెద్ద పూజలో ఉన్న గంటన్నరలో. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. మీ అందరినీ భయపెట్టింది చేతివ్రాత. అది మీరనుకున్న మనిషిదే అయితే భయపడాల్సిందే. కానీ అన్సెల్మ్‌కు కుడిచేతి వేళ్ళు లేవు. ఈ సున్నాలన్నీ కుడిచేత్తో గీసినవి. ఈ వారానివీ అంతే. మదామ్ గోడ మీది ఇరవైతొమ్మిది పలకా అంతే."

బతిస్త్ నోరు తెరుచుకుంది. "ఇరవైతొమ్మిదిది కూడానా?"

"అదీ. చనిపోయినవాడి చెయ్యి తిరిగి రాలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ చనిపోలేదు. ఇరవై రెండేళ్ళు మీరు తల వంచిన గుర్తులు అన్సెల్మ్ వేసినవి కావు. ఆయన సీసాలు ఇంటికి పట్టుకుపోయింది నాలుక కోసమే. అయితే అది తన నాలుక కాదు. బావి అవతలినుంచి మాడిన పాలు పసిగట్టే మనిషి ఆ ఇంట్లో ఉంది. ఆమెకు కొట్టులోకి రావడానికి లేదు."

ఎవరూ క్లెమాన్స్ వైపు చూడలేదు. చూడకపోవడంలోనే అందరూ చూశారు.

"అయితే తొట్టి పారబొయ్యడమెందుకు?" అంది మదామ్. "అది మేలైనది కదా?"

"కాదు. మూత చీల చీలి, గాలి తగిలి, పైన తెల్లపొర కట్టి పులిసిపోయింది. మీకు పుల్లగా తగిలింది. బతిస్త్‌కూ తెలిసే ఉంటుంది." ముసలివాడు తల వంచుకున్నాడు. "కానీ మేస్త్రి మేలన్నాక ఎవరి ముక్కును వాళ్ళే అనుమానించుకున్నారు. ఇవాళ అది మిగతా తొట్లతో కలిస్తే పంట మొత్తం మీ పేరుతో సహా పోయేది."

"మేస్త్రి అబద్ధమాడాడంటారా?"

కజెనావ్ గొంతు మెత్తబడింది. "లేదు. ఫెర్నాన్ తలనూనె బతిస్త్‌కు గుమ్మంలోనే తెలిసింది. పక్కన అరగంట నిలబడ్డ మేస్త్రికి తెలియలేదు. వీపు వెనక పాలు మాడినా తెలియలేదు."

రేమోఁ లేచి నిలబడ్డాడు. అతని చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. అప్పుడు క్లెమాన్స్ నడుముకు కట్టుకున్న గుడ్డ మడతలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఆదివారం కుళాయి తిప్పే ముందు తీశాను," అంది.

మదామ్ బిరడా తీసి వాసన చూసి మొహం తిప్పుకుంది. బతిస్త్ "వెనిగర్," అని గొణిగాడు. సీసా రేమోఁ దాకా వచ్చింది. అతను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అంత నగ్నంగా మనిషిని ఎప్పుడూ చూడలేదనిపించి ఫెర్నాన్ కిందికి చూశాడు.

"నీళ్ళు," అన్నాడు రేమోఁ చివరికి. "నాకు నీళ్ళలాగే ఉంది. పోయిన చలికాలం జ్వరం తర్వాత ఏదీ తెలియడం లేదు. వస్తుంది, వస్తుందనుకున్నాను. మీ మొహాలు చూసి చెప్పేవాణ్ణి. మొహం విప్పారితే బాగుందని. ఏడోదాన్ని రుచి చూసినప్పుడు దళారి ఏదో జోకుకు నవ్వాడు." సీసా కింద పెట్టాడు. "పలకల మీద గుర్తులు వస్తుంటే మామే జాలిపడి వచ్చాడనుకున్నాను. ఆయన చెప్పినట్టే ఉంచేవాణ్ణి. ఏడోది ఒక్కటే... అప్పటికే మేలైనదని అందరి ఎదుటా మాట ఇచ్చేశాను."

భార్య వైపు తిరిగాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన ఈస్టర్‌కు. ఉల్లికూరలో వెల్లుల్లి మరిచిపోయాను. నువ్వు వెల్లుల్లి బాగా పడిందన్నావు."

"పది నెలలు! ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? నాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు నా ఎదుట తలెత్తేవాడివా?" క్లెమాన్స్ గొంతు మొదటిసారి లేచింది. "నాన్న సంగతీ చెప్పాల్సొచ్చేది. ఆయన చెప్పొద్దన్నాడు. ఒకరి సిగ్గు దాచడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. రెండోది మొదలుపెట్టాను. తలుపు మీద చెయ్యి వేసిన ప్రతిసారీ నాకే భయమేసేది, నిజంగా లోపల ఆయన ఉంటాడేమోనని. మూడుసార్లు శిలువ వేశాను, మూడుసార్లూ తుడిచేశావు. ఇంక నాకు కుళాయే మిగిలింది."

మదామ్ అప్పుడు తన ముందున్న కాగితాలు మడిచి బల్ల చివరికి తోసింది.

"అన్సెల్మ్ అబద్ధాలకోరు," అంది. "నేను మాట తప్పినదాన్ని. రేమోఁ, కొట్టు మేస్త్రివి నువ్వే. మూతలూ, పీపాలూ, వాటిని కాల్చే మంటా నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు. రుచి మాత్రం ఇకనుంచి క్లెమాన్స్ చెబుతుంది, పట్టపగలు, అందరి ఎదుటా. ఇవాళ గురువారం. కలపాలి. ఎక్కడ మొదలుపెడదామమ్మా?"

"ఇక్కడ గ్లాసుల్లో కాదండి. తొట్ల దగ్గర."

అందరూ నడిచారు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళిద్దరూ ఆగలేదు. క్లెమాన్స్ మొదటి తొట్టి నుంచి పట్టిన గ్లాసు అందుకుని, వెలుతురుకు ఎత్తి, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ వైన్ వెన్ను నిటారుగా ఉంది. ఇంకా మాట రాలేదు, వస్తుంది," అంది.

బతిస్త్ గోడకు ఆనుకున్నాడు. అతని మొహం పాలిపోయింది. అవి పలకలు తగిలిస్తూ అన్సెల్మ్ అనే మాటలు, ఒక్కొక్కటీ అదే తూకంతో. మరుక్షణంలో అతనికి అర్థమైనట్టుంది, అవి ఎన్నడూ అన్సెల్మ్‌వి కావని. ఇరవై రెండేళ్ళు తను ఎవరికి భయపడ్డాడో వెతుక్కుంటున్నట్టు ఆమెను చూశాడు. చిక్కు విడిపోయింది, అయినా కొట్టులో ఆ చలి విడలేదు. కజెనావ్ ఫెర్నాన్ మోచెయ్యి పట్టుకుని తలుపు వైపు కదిలాడు. ఇక ఇక్కడ మనకు పనిలేదు అన్నట్టు.

వెనక రేమోఁ గొంతు వినబడింది.

"చెప్పు."

"ఏం చెప్పను?"

"ఎలా ఉందో. నాకు తెలిసేలా చెప్పు."

క్లెమాన్స్ గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "వానకు తడిసిన గులకరాళ్ళు," అంది. "నల్లద్రాక్ష తొక్క. లోపలెక్కడో కాస్త పొగ. మనకు పెళ్ళయిన కొత్తలో నువ్వు కత్తిరించిన కొమ్మలు కాల్చి ఇంటికొచ్చిన రోజు, నీ చొక్కా."

రేమోఁ కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆ," అన్నాడు. "అది తెలుసు."

అతను రెండో తొట్టి కుళాయి దగ్గర వంగి, ఇంకో గ్లాసు పట్టి ఆమె చేతికిచ్చాడు.